నైరోబీ నుంచి బొంబాయికి నేను వేసిన లెక్క

ముప్పై నాలుగేళ్ళ ఉద్యోగంలో నా లెక్క తప్పింది ఒక్కసారే అని నేను చెబితే మీరు నమ్మకండి. చాలాసార్లు తప్పింది. తంతి ఫారాల్లో మాటలు తక్కువ లెక్కపెట్టాను, ఒకరి వార్త ఇంకొకరి గుమ్మానికి పంపాను, ఒకసారి పెళ్ళివారికి పోవలసిన శుభాకాంక్షలు దినవారాలవాళ్ళ ఇంటికి పోయాయి. వాటన్నిటికీ నన్ను ఎవరో ఒకరు తిట్టారు. తిట్లు తిన్నాక ఆ తప్పులు నా మనసులోంచి దిగిపోయాయి. ఒక్క తప్పుకు మాత్రం నన్నెవరూ తిట్టలేదు. ఇప్పుడు ఉద్యోగాల్లో చేరుతున్న మీకు చెప్పదగింది నా దగ్గర అదొక్కటే ఉంది.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. షోలాపూర్ నేతపేటలో, కుంఠా నాకా దగ్గర ఒక చిన్న తపాలా ఆఫీసులో తంతి గుమస్తాగా చేరి రెండేళ్ళయింది. ఆ పేటలోనే పుట్టాను. మా నాయన మగ్గం నేశాడు, మా అమ్మ బీడీలు చుట్టింది. మా చాళలో మెట్రిక్ గట్టెక్కిన మొదటివాణ్ణి నేనే. చాళ అంటే తెలుసుగా, ఒకే కప్పు కింద వరసగా పది పన్నెండు గదులు, గదికో కుటుంబం, కుటుంబానికో మగ్గం. మావాళ్ళంతా తెలంగాణ జిల్లాల నుంచి తాతలనాడు నూలు వెంట వచ్చి ఇక్కడ నిలిచిపోయినవాళ్ళు. ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ, కోపం వస్తే హిందీ.

పేటలో నన్ను తార్ మాస్తర్ అనేవారు, తార్ అంటే తంతి. నేను మాస్టర్ని కాదు, గుమస్తాని. అయినా ఎవర్నీ సరిదిద్దలేదు. దవాఖానా చీటీ చదవాలన్నా, కోర్టు కాగితం అర్థం చెప్పాలన్నా, హైదరాబాదు బండి ఎన్నింటికి అన్నా నా దగ్గరికే వచ్చేవారు. తెలిసినవి చెప్పేవాణ్ణి. తెలియనివి ఇంకా గట్టిగా చెప్పేవాణ్ణి. ఆ వయసులో తెలియదు అన్న మాట నోటికి రాదు. వచ్చినా, వినేవాళ్ళు దాన్ని మర్యాద కింద తీసుకుంటారు.

మా చాళలో చివరి గదిలో ఒక పెద్దాయన ఉండేవాడు. వరసకు నాకు పెద్దబాపు. మగ్గాలకు పడుగులు పోయడంలో పేటలో ఆయనకు మించినవాడు లేడు. పొద్దున్నే గల్లీ పొడుగునా కర్రలు పాతి నూలు సాగదీసి కట్టేవాడు. ఒక్క పోగు తెగినా మగ్గం నడిచే చప్పుడులోనే తెలుసుకునేవాడని చెప్పుకునేవారు. భార్య పోయి చాలా కాలమైంది. ఒక్కతే కూతురు. ఆ పిల్లను మా చాళలోనే, నాతోపాటు గోళీలాడి పెరిగినవాడికి ఇచ్చి చేశాడు. అతనూ నేనూ చిన్నప్పటి నుంచీ బావా బావా అని పిలుచుకునేవాళ్ళం. అతను గిర్ణీలో, అంటే బట్టల మిల్లులో, మరమగ్గాలు బిగించే జాబర్. చేతిపని మంచిది. పెళ్ళయిన రెండేళ్ళకు ఒక గుజరాతీ సేటు ఆఫ్రికాలో కొత్తగా పెట్టిన బట్టల మిల్లుకు అతన్ని తీసుకుపోయాడు. మూడేళ్ళ ఒప్పందం. నైరోబీకి దగ్గరలో ఎక్కడో ఆ మిల్లు. పోయేటప్పుడు ఓడలో పోయాడు.

అతను పోయి రెండేళ్ళు గడిచిన ఎండాకాలంలో ఆ పిల్లకు జ్వరం పట్టుకుంది. మొదటి వారం ఎండదెబ్బ అనుకున్నారు. రెండో వారం డాక్టరు మియాది బుఖార్, అంటే టైఫాయిడ్, అన్నాడు. మూడో వారానికి మనిషి చాపకు అతుక్కుపోయింది. ఒళ్ళో చేట పెట్టుకుని గంటల తరబడి బీడీలు చుట్టిన పిల్ల చేయెత్తి నీళ్ళ గ్లాసు పట్టుకోలేకపోయింది. సోమవారం పొద్దున పెద్దబాపు నా కిటికీ దగ్గరికి వచ్చి అల్లుడికి తారు కొట్టమన్నాడు. భార్య పరిస్థితి విషమం, వెంటనే బయలుదేరు, అని నేనే రాసి నేనే పంపాను.

మంగళవారం సాయంత్రం జవాబు వచ్చింది. మిల్లు సేటు మంచివాడు, విమానంలో పంపిస్తున్నాడు. బుధవారం పొద్దున ఎనిమిది గంటలకు నైరోబీలో విమానం ఎక్కుతున్నాను, అని ఉంది. అంతే. బొంబాయిలో ఎన్నింటికి దిగుతాడో లేదు. పాపం అతనికీ తెలిసి ఉండదు.

ఆ కాగితం నేనే చాళకు పట్టుకుపోయాను. విమానం అన్న మాటతో గల్లీ అంతా పోగయింది. మావాళ్ళు విమానాన్ని తలెత్తి చూసినవాళ్ళే గాని, తమవాడొకడు దాంట్లో కూర్చుంటాడని ఎన్నడూ అనుకోలేదు. ఎన్ని గంటలు పడుతుంది, ఎప్పుడొస్తాడు అని అందరూ నా మొహం చూశారు. తెలియదు అనవలసిన చోటు అదే. నేను అనలేదు. పొద్దున్నే చెబుతాను అన్నాను.

బుధవారం నా డ్యూటీ మధ్యాహ్నం నుంచి. పొద్దున పేటలోని తెలుగు బడికి పోయాను. అక్కడ గోడకు ప్రపంచ పటం ఉండేది. పంతులుగారు కుర్చీ ఇచ్చి ఎక్కమన్నారు. నా వెంట వచ్చిన పెద్దబాపు తన బుట్టలోంచి మూరెడు ఎర్ర నూలు తెంపి ఇచ్చాడు. పోగు ఒక కొస నైరోబీ మీద, ఇంకో కొస బొంబాయి మీద పెట్టి, బిగించి, పటం మూలన మైళ్ళ గీత మీద కొలిచాను. దాదాపు మూడు వేల మైళ్ళు తేలింది. పెద్ద విమానాలు గంటకు మూడు వందల మైళ్ళు పోతాయని పేపర్లో చదివాను. అంటే పది గంటలు. ఎనిమిదికి లేస్తే సాయంత్రం ఆరుకు బొంబాయి. ఎందుకైనా మంచిదని ఇంకో గంట కలిపాను, ఏడు. సామాను తనిఖీకి ఒక గంట, స్టేషనుకు ఒక గంట. రాత్రి పది గంటల మెయిలు రైలు అందుతుంది. గురువారం పొద్దున ఎనిమిదికి షోలాపూర్. కిటికీల్లోంచి చూస్తున్నవాళ్ళకు వినబడేలా చెప్పాను ఇదంతా.

పెద్దబాపు ఆ పోగును వేలికి చుట్టుకుంటూ ఒక మాట అడిగాడు.

"బిడ్డా, ఎంత పొడుగు పడుగు పోసినా గుడ్డ గంత రాదు. నేతల కొంత గుంజుకపోతది, ఆఖరుకు మగ్గానికి కొంత మిగుల్తది. దీంట్ల ఏం పోదా?"

నేను నవ్వాను. గాలిలో ఏం పోతుంది పెద్దబాపూ, అడ్డం ఎవరూ ఉండరు, తిన్నగా వస్తుంది అన్నాను. కిటికీల దగ్గరివాళ్ళూ నవ్వారు. నలభై ఏళ్ళు పడుగులు పోసిన మనిషి చదువుకున్నవాణ్ణి ఇంకోసారి అడగడానికి మొహమాటపడ్డాడు.

తిరిగి వస్తూ ఆ పిల్ల దగ్గర కూర్చున్నాను. నన్ను అన్నా అనేది. రేపు పొద్దున ఎనిమిదికి బండి దిగుతాడు చెల్లే, తొమ్మిదికి నీ ముందుంటాడు అని చెప్పాను. కళ్ళు తెరిచింది. పెదాలు ఎండిపోయి మాట గాలిలా వచ్చింది.

"మీద తిండి పెడ్తరా అన్నా? ఉపాసం ఒస్తడా?"

పెడతారు, చక్కగా బల్ల వేసి పెడతారు అన్నాను. అదీ నాకు తెలియదు. కానీ అది నిజమేనని తర్వాత తెలిసింది. ఆ రోజు నేను చెప్పినవాటిలో నిజమైంది అదొక్కటే.

ఆ మధ్యాహ్నం మూడు గంటల వేళ ఆమె పోయింది.

మా గల్లీలో ఒక పద్ధతి ఉండేది. మనిషి పోయిన ఇంటి గల్లీలో, శవం మలుపు దాటేదాకా ఏ మగ్గమూ ఆడకూడదు. ఒక గది తర్వాత ఒక గదిలో చప్పుడు ఆగిపోయింది. కొత్తగా వచ్చిన మరమగ్గాల పట్టీలు కూడా తీసేశారు. పగలంతా ఆ చప్పుడులో బతికేవాళ్ళం కాబట్టి, అది ఆగితే చెవులు దిమ్మెత్తేవి. ఆఫీసులో నా తంతి యంత్రం టక్కుటక్కులు అంత స్పష్టంగా ఎప్పుడూ వినలేదు. ఎవరూ వచ్చి చెప్పకముందే నాకు సంగతి అర్థమైంది.

సాయంత్రం పెద్దమనుషులు కూర్చున్నారు. ఎండాకాలం, మూడు వారాల జ్వరంతో పోయిన ఒళ్ళు, ఎక్కువసేపు ఉంచడం కష్టం. చీకటి పడకముందే లేపాలని కొందరు, మొగుడు దారిలో ఉన్నాడు గదా ఆపాలని కొందరు. ముత్తైదువగా పోయింది. మా వాళ్ళలో అలా పోయినదానికి ఆఖరి కుంకుమ మొగుడి చేత్తో పెట్టిస్తారు, నిప్పూ అతనే పెడతాడు. అతనికి ఆ ముఖం చూసి రెండేళ్ళయింది. పెద్దబాపు కూతురి తల దగ్గర కూర్చుని ఉన్నాడు. చివరికి చాళ పెద్ద నా వైపు తిరిగి, ఎనిమిది బండికి వస్తాడన్నది పక్కానా అని అడిగాడు. పక్కా అన్నాను. అయితే ఆ బండిదాకా ఆపుదాం, దాని తర్వాత గడియ కూడా ఆగేది లేదు అని ఆయన తీర్పు చెప్పాడు. ఐసు కార్ఖానా నుంచి దిమ్మలు తెప్పించి, పొట్టుపోసి, పక్కన పేర్చారు. ఒక ముసలమ్మ కుంకుమ భరిణె ఒళ్ళో పెట్టుకుని గుమ్మంలో కూర్చుంది.

గురువారం నాకు పొద్దున ఏడు నుంచి డ్యూటీ. మా పోస్టుమాస్టరు మరాఠీ ఆయన. యుద్ధకాలంలో సైన్యంలో తంతి పని చేసి, ఏడెన్‌లోనూ ఆఫ్రికా తీరంలోనూ మూడేళ్ళు ఉండి వచ్చాడు. మాట తక్కువ, కోపం ఇంకా తక్కువ. ఎనిమిదిన్నర వేళ టీ తాగుతూ, చాళలో మగ్గాలు ఎందుకాగాయని అడిగాడు. చెప్పాను. నా లెక్క కూడా చెప్పాను, కొంచెం గొప్పగానే. మనిషి పోయిందన్న బాధ ఉంది, లెక్క వేశానన్న గొప్పా ఉంది. రెండూ ఒకే కడుపులో ఎలా ఇమిడాయో ఇప్పుడు ఆలోచిస్తే నాకు రోత పుడుతుంది.

ఆయన గ్లాసు కింద పెట్టాడు. మరాఠీలో మెల్లగా అడిగాడు.

"అరే బాబా, అక్కడి ఎనిమిదా, ఇక్కడి ఎనిమిదా?"

నాకు అర్థం కాలేదు. ఆయన విసుక్కోకుండా చెప్పాడు. పొద్దు మనకు ముందు పొడుస్తుంది, వాళ్ళకు తర్వాత. వాళ్ళ గడియారంలో ఎనిమిది కొట్టేసరికి మన గడియారంలో పదిన్నర దాటుతుంది. పైగా విమానం నీ పోగులాగా తిన్నగా రాదు. ఏడెన్‌లో దిగి, పెట్రోలు తాగి, కాసేపు ఆగి మళ్ళీ లేస్తుంది. ఆయన వేళ్ళ మీద లెక్కపెట్టి, రాత్రి పదిన్నర ముందు బొంబాయిలో దిగి ఉండడు అన్నాడు. మెయిలు అప్పటికే పోయి ఉంటుంది. తెల్లవారుజామున ఇంకో బండి ఉంది. అది ఇక్కడికి మధ్యాహ్నం మూడింటికి వస్తుంది.

రోజూ నా చేతుల మీదుగా పోయే ప్రతి తంతి మీదా ఇచ్చిన గంట, అందిన గంట రాసి ఉంటాయి. రెండేళ్ళుగా ఆ గంటలు రాసింది నేనే. ఊరు మారితే గంట మారుతుందని బడిలో చదివాను, పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. అవసరమైన రోజున నాకది గుర్తు రాలేదు.

పోస్టుమాస్టరు నన్ను తిట్టలేదు. తన సైకిలు తీసుకుపొమ్మన్నాడు. ఇంకా సమయం ఉంది, పోయి తప్పు జరిగిందని చెప్పు, ఇంకో నాలుగు దిమ్మలు ఐసు పెట్టి మూడింటిదాకా ఆపమను, నీ కిటికీ నేను చూసుకుంటాను అన్నాడు.

సైకిలు మీద పోతూ చెప్పవలసిన మాటలు వరసగా పెట్టుకున్నాను. తప్పు నాది. అతను మూడింటి బండికి వస్తాడు. ఆరు గంటలు ఆగండి. మూడే మాటలు. అంతకంటే పొడుగు వార్తలు రోజుకు ముప్పై పంపేవాణ్ణి.

నేను పోయేసరికి, అతన్ని తీసుకురావడానికి స్టేషనుకు పోయిన ఇద్దరూ అప్పుడే తిరిగి వచ్చారు. బండి వచ్చింది, ప్లాట్‌ఫాం ఖాళీ అయ్యేదాకా నిలబడ్డాం, అతను దిగలేదు అని చెబుతున్నారు. గల్లీలో ఇటూ అటూ మగవాళ్ళు గోడలకు ఆనుకుని నిలబడి ఉన్నారు. పాడె సిద్ధంగా ఉంది. ఎండ అప్పటికే మొహం మీద కొడుతోంది. చాళ పెద్ద నన్ను చూసి, ఏమైంది మాస్తర్ అన్నాడు. అందరూ తిరిగి చూశారు. నేను నోరు తెరిచాను.

నాకంటే ముందు పెద్దబాపు మాట్లాడాడు. నిన్న సాయంత్రం నుంచి ఆయన మాట్లాడింది అదే మొదలు.

"వాని లెక్క తప్పది. మా అల్లునికే ఏదో అయ్యుంటది. వాన్నేం అనకుండ్రి."

ఆ ముఖంలో అనుమానం అన్నది లేదు. ఎవరో నన్ను తప్పుపడతారేమోనని కూతురి శవం పక్క నుంచి లేచి నా తరఫున మాట్లాడాడు ఆయన. నేను దారి పొడుగునా పేర్చుకున్న మూడు మాటలూ గొంతులోనే ఉన్నాయి.

"విమానం లేటయినట్టుంది. ఎప్పుడొస్తడో చెప్పలేం."

అన్నది నేనే.

ఎందుకలా అన్నావని మీరు అడుగుతారు. నలభై ఏళ్ళుగా నేనూ అడుగుతున్నాను. కొన్నాళ్ళు, పెద్దబాపు నమ్మకం చెడగొట్టలేకపోయాను అని చెప్పుకున్నాను. కొన్నాళ్ళు, శవం అప్పటికే ఉబ్బుతోంది, ఎలాగూ ఆపేవారు కాదు అని చెప్పుకున్నాను. అవేవీ కావు. నాకు సిగ్గేసింది. అంతమంది ముందు నాకు తెలియదని, తెలిసినట్టు చెప్పానని ఒప్పుకోవడానికి సిగ్గేసింది. అంతకంటే పెద్ద కారణం ఏదీ లేదు.

చాళ పెద్ద పంచె సర్దుకుని, లేపుండ్రి అన్నాడు. గుమ్మంలోని ముసలమ్మ రాత్రంతా పట్టుకున్న భరిణె మూత తీసి, తన చేత్తోనే ఆ నుదుట కుంకుమ పెట్టింది. పెట్టాక ఆ వేలు ఎక్కడ తుడుచుకోవాలో తెలియనట్టు కాసేపు అలాగే పట్టుకుంది. పెద్దబాపు నిప్పుకుండ అందుకున్నాడు. నేను మలుపుదాకా పోయి, డ్యూటీ ఉందని చెప్పి వెనక్కి తిరిగాను. శ్మశానానికి పోలేదు.

ఆఫీసులో పోస్టుమాస్టరు చెప్పావా అని అడిగాడు. చెప్పాను అన్నాను. ఆగుతారటా అన్నాడు. పెద్దలు ఒప్పుకోలేదు అన్నాను. ఆయన పాపం నిట్టూర్చి, వాళ్ళ కష్టం వాళ్ళది అన్నాడు. మొదటి అబద్ధానికి సిగ్గు కారణం అన్నాను గదా. ఈ రెండోదానికి అది కూడా లేదు. అలవాటుగా వచ్చేసింది.

పన్నెండు దాటాక మగ్గాలు మొదలయ్యాయి. పోయినవాళ్ళు స్నానాలు చేసి, ఇంత తిని, పనిలో కూర్చున్నారు. వాళ్ళను తప్పు పట్టకండి. ముందురోజు సగం, ఆ రోజు ఒక పూట పోయింది, ఇంకా ఆగితే పొయ్యి వెలగని ఇళ్ళు అవి. ఒక గదిలో మొదలై, ఇంకో గది అందుకుని, కాసేపటికి గల్లీ అంతా ఎప్పటిలాగే ఉంది.

రెండింటికి నా డ్యూటీ దిగింది. స్టేషనుకు పోయి అతన్ని అక్కడే పట్టుకుని చెప్పాలనుకున్నాను. అశోక్ చౌక్ దాకా పోయి తిరిగి వచ్చాను. గల్లీ మొదట్లో ఒక పాన్ దుకాణం పక్కన, నీడ లేని చోట నిలబడ్డాను. పక్కనే నీడ ఉంది, అక్కడ నిలబడాలనిపించలేదు.

మూడున్నరకు టాంగా వచ్చి మలుపులో ఆగింది. అతను దిగాడు. తెల్ల చొక్కా, ప్యాంటు, చేతిలో తోలు సూట్‌కేసు. మనిషి నల్లబడ్డాడు, కొంచెం ఒళ్ళు చేశాడు. గల్లీ వైపు రెండడుగులు వేసి టక్కున ఆగిపోయాడు. సూట్‌కేసు కింద పెట్టాడు. తల ఒక పక్కకు వంచి విన్నాడు.

ఏం వింటున్నాడో మొదట నాకు తెలియలేదు. తర్వాత అర్థమైంది. అతనికి అందిన చివరి వార్త నేను రాసిందే, భార్య పరిస్థితి విషమం. ఆ తర్వాత సంగతి అతనికి తెలియదు. ఈ గల్లీలో పుట్టినవాడు. మనిషి పోతే మగ్గాలు ఆగుతాయని పసితనం నుంచి తెలిసినవాడు. మగ్గాలు ఆడుతున్నాయి.

అతని ముఖం మొత్తం విప్పారింది. నవ్వాడు. ఆ నవ్వుతోనే నన్ను చూశాడు.

"మగ్గాలు నడుస్తున్నయి బావా. టాంగల కూసున్నకాడి నుంచి పానం పానంల లేకుండె. సముద్రం మీద గూడ ఒక్కటే మొక్కు మొక్కిన, గల్లీల అడుగు పెడితె మగ్గాల చప్పుడు ఇనాలె అని."

నేను వంగి అతని సూట్‌కేసు అందుకున్నాను. అది తప్ప నా చేతులకు ఏం చేయాలో తోచలేదు. అతను ముందు, నేను వెనక. మలుపు నుంచి చివరి గదికి ముప్పై అడుగులు ఉంటుంది. రాత్రి బండి దొరకలేదని, స్టేషనులో బెంచీ మీద కూర్చుని తెల్లవార్చానని చెబుతున్నాడు. తనకోసం ఎవరో గడువు పెట్టుకుని కూర్చున్నారని అతనికేం తెలుసు. ఆమెకు తిండి పోతోందా అని అడిగాడు. ఏ డాక్టరు చూస్తున్నాడు అని అడిగాడు. నేను ఊఁ అన్నాను. ఏ ప్రశ్నకు అన్నానో నాకే తెలియదు.

మొదటి గదిలో నేస్తున్నవాడు తలెత్తి అతన్ని చూశాడు. చూసి మగ్గం ఆపాడు. రెండో గదిలోనూ ఆగింది. అతను పలకరింపుగా చేయి ఎత్తాడు. ఎవరూ చేయి ఎత్తలేదు. మూడో గది, నాలుగో గది. అతను నడుస్తున్నకొద్దీ పక్కన చప్పుడు ఆగుతూ వచ్చింది. అయిదో గది దగ్గర అతని మాట ఆగింది. ఏడో గది దగ్గర నవ్వు పోయింది. చివరి గుమ్మం చేరేసరికి గల్లీలో ఒక్క మగ్గం లేదు. లోపల పెద్దబాపు తడి పంచెతో గోడకు ఆనుకుని ఉన్నాడు. చాప చుట్టి మూలన పెట్టి ఉంది. నేను ఒక్క మాట కూడా చెప్పవలసిన పని పడలేదు.

అతను ఏడవలేదు. గుమ్మంలోనే కూలబడి, ఎప్పుడు అని అడిగాడు. పోయింది నిన్న, తీసుకుపోయింది ఈ పొద్దున అని ఎవరో చెప్పారు. పొద్దున అన్న మాటను రెండుసార్లు తనలో తాను అనుకున్నాడు. నేను సూట్‌కేసు గోడ పక్కన పెట్టి వచ్చేశాను.

పదమూడో రోజు గడిచాక అతను మా ఆఫీసుకు వచ్చాడు. ఓడలో తిరిగి వస్తున్నానని మిల్లుకు తారు కొట్టాలి. ఫారం రాసి కిటికీలోంచి నెట్టాడు. ఆఫీసులో ఇంకెవరూ లేరు. ఆ పదమూడు రోజులూ నేను సరిగ్గా తిన్నదీ లేదు, పడుకున్నదీ లేదు. ఇక మోయలేక అంతా చెప్పేశాను. పటం, లెక్క, పోస్టుమాస్టరు అడిగిన మాట, సైకిలు. నువ్వు మూడింటికి వస్తావని నాకు తొమ్మిదింటికే తెలుసు, చెబితే ఆపేవాళ్ళేమో, నేను చెప్పలేదు అన్నాను.

అతను ఫారం మీద చెయ్యి అలాగే ఉంచి విన్నాడు.

"మామకు చెప్పకు. ఆయనకు ఇగ నమ్మనీకె ఎవలున్నరు."

చెప్పను అన్నాను.

"లెక్క తప్పుడు ఎవనికైనా అయితది. పొద్దుగాల పదిమందిల నోరు రాకపోవుడు గూడ సమజైతది. నేనున్నా గట్లనే చేసేటోన్నేమొ." నా మొహంలోకి చూడకుండా, కిటికీ ఊచలను చూస్తూ అన్నాడు. "గల్లీ మొదట్ల నేను నవ్విన. నువ్వు చూసినవు. చూసి గూడ ముప్పై అడుగులు నా ఎంబడి నడిచినవు. ఆడ ఎవ్వరు లేకుండిరి బావా. నువ్వు నేనే ఉంటిమి."

ఫారంలో మాటలు లెక్కపెట్టమన్నాడు. లెక్కపెట్టాను. రెండోసారి కూడా లెక్కపెట్టాను. రసీదు తీసుకుని, మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

తర్వాత సెలవుల్లో రెండు మూడుసార్లు పేటకు వచ్చాడు. ఎదురుపడితే ఆగేవాడు, ఆరోగ్యం అడిగేవాడు, పిల్లల చదువులు అడిగేవాడు. అందరిలాగే మాస్తర్ అని పిలిచేవాడు.